200 మాటల్లో ఇచ్చే మాట

పోయినేడాది ఒక శుక్రవారం రాత్రి. టైమ్‌ పదకొండున్నర. లాప్‌టాప్‌లో ఒక సదస్సు వాళ్ల ఫారం తెరిచి ఉంది. 'అబ్‌స్ట్రాక్ట్‌' అని రాసి ఉన్న డబ్బాలో మేం రాసుకున్నది పేస్ట్‌ చేశాను. వెంటనే కింద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. 200 మాటలు దాటకూడదు, మీరు పెట్టింది 343 అని.

'అక్కా, ఇంకో అరగంటే ఉంది' అన్నాడు ఫోన్‌లో మా జూనియర్‌. వాడి గొంతులో కంగారు తెలుస్తూనే ఉంది. ఆ చలికాలంలోనే వాడు ఎం.ఎస్‌.కి దరఖాస్తులు పెడుతున్నాడు. పేరున్న చోట ఒక్క పేపరు ఉంటే చాలు, దరఖాస్తుకి బరువొస్తుందని వాడి ఆశ.

అరగంటలో 143 మాటలు తీసేయాలి. ఏవి తీయాలో తెలియక ఇద్దరం చాలాసేపు స్క్రీన్‌ వైపు చూస్తూ కూర్చున్నాం. ఆ రాత్రి, ఆ మర్నాడు జరిగింది చెబుదామనే ఇది రాస్తున్నా. ఇంజినీరింగ్‌, ఎమ్మెస్సీ, మెడిసిన్‌, అగ్రికల్చర్‌... ఏది చదివేవాళ్లకైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ డబ్బా ఎదురవుతుంది. నింపే ముందు తెలిస్తే మంచిదనిపించిన సంగతులివి.

ఇంతకీ మేం చేసిందేంటి?

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌ కంపెనీలో పనిచేస్తాను. పరిశోధన నా ఉద్యోగం కాదు, శని ఆదివారాల సరదా. రైతుబజార్‌లో ఆ రోజు ధర ఎంతుందో ఫోన్‌లో చూసుకోవాలంటే టైప్‌ చేయాలి. టైపింగ్‌ రాని పెద్దవాళ్లు నోటితో పేరు చెబితే ధర కనిపించేలా చేయొచ్చు కదా అన్నది మా ఆలోచన.

వినడానికి తేలికే. కానీ మన కూరగాయలకి ఒక్క పేరు ఉంటేగా! ఒకరు బంగాళాదుంప అంటారు, ఒకరు ఆలుగడ్డ అంటారు, సీమ వైపు ఉర్లగడ్డ అంటారు. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ, ఎర్రగడ్డ ఒకటే. సొరకాయ, ఆనపకాయ ఒకటే. ఇలాంటివి 30 మాటలు ఎంచుకుని, 42 మంది చేత ఒక్కో మాట ఐదేసి సార్లు చెప్పించి రికార్డు చేశాం. మొత్తం 6300 ముక్కలు. ఆరు నెలల శని ఆదివారాలు దీనికే పోయాయి. చివరికి మా ప్రోగ్రామ్‌ నూటికి 94 సార్లు సరిగ్గా గుర్తుపడుతోందని లెక్క తేలింది. ఆ 94 చూసి మేం బిర్యానీ కూడా తెప్పించుకున్నాం.

దాన్నే పేపరుగా రాసి, భాషల మీద జరిగే ఒక అంతర్జాతీయ సదస్సుకి అనుబంధంగా పెట్టే చిన్న వర్క్‌షాప్‌కి పంపాలనుకున్నాం.

గడువు మన గడియారంలో లేదు

ముందు ఆ అరగంట సంగతి. కంగారులో నియమాల పేజీ మళ్లీ చదివితే గడువు పక్కన ఇంగ్లిష్‌లో మూడక్షరాలు కనిపించాయి: ఏ ఓ ఈ. 'ఎనీవేర్‌ ఆన్‌ ఎర్త్‌' అని దానర్థం. భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఇంకా నడుస్తున్నంత వరకు గడువు ఉన్నట్టే. అది ప్రపంచ ప్రామాణిక సమయానికి 12 గంటలు వెనక ఉంటుంది. మనం ఐదున్నర గంటలు ముందుంటాం. అంటే వాళ్ల శుక్రవారం రాత్రి 11:59 మనకి శనివారం సాయంత్రం 5:29.

మా చేతిలో ఉన్నది అరగంట కాదు, పద్దెనిమిది గంటలు! వాడు ఫోన్‌లోనే 'హమ్మయ్య' అన్నాడు. కంప్యూటర్‌ సైన్స్‌ సదస్సులు చాలావరకు ఈ పద్ధతే పాటిస్తాయి. మిగతా రంగాల వాళ్లు మాత్రం దీని మీద భరోసా పెట్టుకోవద్దు. గడువు పక్కన ఏ దేశం టైమ్‌ రాశారో చూసుకుని, మన టైమ్‌లోకి మార్చి, కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. ఇంకొకటి. కొన్ని పెద్ద సదస్సుల్లో రెండు గడువులు ఉంటాయి. ముందు అబ్‌స్ట్రాక్ట్‌, తర్వాత కొన్ని రోజులకి పూర్తి పేపరు. మొదటిది దాటిపోతే రెండోది ఉన్నా లాభం లేదు.

మొదటి ముప్పై మాటలు దండగ

టైమ్‌ దొరికింది కాబట్టి స్థిమితంగా చదివాను. మా అబ్‌స్ట్రాక్ట్‌ ఇలా మొదలైంది: 'నేటి ఆధునిక యుగంలో కృత్రిమ మేధ అన్ని రంగాల్లోనూ విప్లవాత్మక మార్పులు తెస్తోంది. వ్యవసాయ ప్రధానమైన భారతదేశంలో రైతులు, వినియోగదారులు అనేక సమస్యలు ఎదుర్కొంటున్నారు...'

పెళ్లిపత్రికలో ముహూర్తం చెప్పకుండా వంశ చరిత్ర మొదలుపెట్టినట్టుంది. ఇందులో అబద్ధం లేదు, కానీ మా పని గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఈ వాక్యాలు వరి తెగుళ్ల పేపరులో పెట్టినా అతుకుతాయి, ట్రాఫిక్‌ సిగ్నళ్ల పేపరులో పెట్టినా అతుకుతాయి. ఏ పేపరుకైనా అతికే వాక్యం మీ పేపరుకి అక్కర్లేదు. ఆ ఒక్క సూత్రంతోనే 90 మాటలు పోయాయి.

అసలు అబ్‌స్ట్రాక్ట్‌ ఎవరి కోసం? ముందుగా దాన్ని చూసేది సదస్సు నడిపేవాళ్లు. ఏ పేపరు ఏ నిపుణుడికి పంపాలో చాలాసార్లు దాన్ని చూసే తేల్చుకుంటారు. తర్వాత పేపరుని తూకం వేసే సమీక్షకులు. ఆ తర్వాత ఎప్పుడో ఎక్కడో వెతుక్కుంటూ వచ్చే పాఠకుడు. ఈ మూడో మనిషి పూర్తి పేపరు తెరవాలా వద్దా అన్నది ఈ నాలుగు లైన్లు చూసే నిర్ణయించుకుంటాడు. చాలామంది అక్కడితోనే ఆగిపోతారు కూడా. కాబట్టి వాళ్లకి కావాల్సినవి ఐదే ఐదు సంగతులు. సమస్య ఏంటి? అందులో ఇంకా తేలనిది ఏంటి? మీరేం చేశారు? ఏం తేలింది? దాని వల్ల ఏంటి?

వైద్యరంగం వాళ్లు ఈ పద్ధతిని ఎప్పుడో నియమంగా పెట్టుకున్నారు. 1987లో 'అనల్స్‌ ఆఫ్‌ ఇంటర్నల్‌ మెడిసిన్‌' పత్రికలో కొందరు పరిశోధకులు అబ్‌స్ట్రాక్ట్‌ని చిన్న చిన్న శీర్షికలుగా విడగొట్టి రాయాలని ప్రతిపాదించారు. డాక్టర్‌కి తీరిక తక్కువ. ఉద్దేశం, పద్ధతి, ఫలితం, ముగింపు అని విడివిడిగా కనిపిస్తే వెంటనే పట్టుకోగలడు. ఇప్పుడు మెడికల్‌ సదస్సుల్లో చాలావరకు ఫారమే ఆ శీర్షికలతో వస్తుంది. ఇంజినీరింగ్‌లో సాధారణంగా శీర్షికలు ఉండవు, ఒకే పేరా. కానీ లోపలి వరస అదే.

పొట్టిగా రాస్తే పరువు తక్కువ అనుకునేవాళ్లకి ఒక ముచ్చట. 2011లో న్యూట్రినోలు కాంతి కంటే వేగంగా వెళ్తున్నట్టు కనిపించిందని 'ఒపెరా' అనే ప్రయోగం వాళ్లు ప్రకటించి ప్రపంచాన్ని కుదిపేశారు. అప్పుడే మైకేల్‌ బెర్రీ అనే భౌతిక శాస్త్రవేత్త ముగ్గురు సహచరులతో కలిసి, ఫలానా క్వాంటమ్‌ కారణంతో దాన్ని వివరించవచ్చా అనే ప్రశ్ననే శీర్షికగా పెట్టి పేపరు రాశారు. అబ్‌స్ట్రాక్ట్‌లో ఇంగ్లిష్‌లో రెండే మాటలు. కాకపోవచ్చు, అని! మనం అంత సాహసం చేయక్కర్లేదు. కానీ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పడమే అబ్‌స్ట్రాక్ట్‌ పని అని అది గుర్తుచేస్తుంది. అన్నట్టు, ఒపెరా వాళ్ల లెక్క తప్పడానికి పెద్ద కారణం సరిగ్గా బిగించని ఒక ఆప్టికల్‌ ఫైబర్‌ కేబుల్‌ అని 2012లో తేలింది. అంకె ఎంత పెద్దదో అంత గట్టిగా తడిమి చూసుకోవాలి. ఈ సంగతి నాకు మర్నాడు పొద్దున్నే మా అమ్మ ఇంకోలా చెప్పింది.

అమ్మ అడిగిన ప్రశ్న

శనివారం ఎనిమిదింటికి అమ్మ ఫోన్‌ చేసింది. రాత్రంతా నిద్ర లేదని చెబితే, 'ఉద్యోగం వచ్చాక కూడా ఇంకా ఈ పరీక్షలేంటే?' అంది. సరే, అబ్‌స్ట్రాక్ట్‌ ఎలా ఉందో చూద్దామని ఐదు వాక్యాలూ మామూలు మాటల్లో ఆవిడకే చెప్పాను. శ్రద్ధగా వింది. ఆఖర్న, 'నూటికి 94 సార్లు సరిగ్గా చెబుతుందమ్మా' అన్నాను గొప్పగా.

'అయితే నేను ఫోన్‌లో బెండకాయలు అంటే దానికి తెలుస్తుందా?'

'తెలుస్తుందమ్మా.'

'నా గొంతు మీరు రికార్డు చేయలేదు కదే. అయినా తెలుస్తుందా?'

నా దగ్గర జవాబు లేదు. కాఫీ కప్పు పక్కన పెట్టేశాను.

విషయం ఏంటంటే, ఇలాంటి ప్రోగ్రామ్‌కి ముందు కొన్ని రికార్డింగులతో నేర్పిస్తాం. మిగిలిన వాటితో పరీక్ష పెడతాం. మేం మొత్తం 6300 ముక్కల్నీ పేకముక్కల్లా కలిపేసి, ఎనభై శాతం నేర్పడానికి, ఇరవై శాతం పరీక్షకి తీశాం. అంటే ఒకే మనిషి 'బెండకాయ' అని ఐదుసార్లు అంటే నాలుగు నేర్పే వైపు, ఒకటి పరీక్ష వైపు పడి ఉంటుంది. మాటతో పాటు ఆ గొంతు కూడా దానికి ముందే పరిచయం. చదివిన ప్రశ్నలే పరీక్షలో ఇస్తే ఎవరికైనా 94 వస్తాయి.

ఇది కొత్త తప్పు కాదు. గొంతుల మీద పనిచేసేవాళ్లు నేర్పడానికి ఒక మనుషుల్నీ, పరీక్షకి వేరే మనుషుల్నీ పెట్టడం పాత పద్ధతే. మేం తొందరలో ఆ మెట్టు దాటేశాం. ఆరు నెలల్లో ఒక్కరం కూడా ఆ ప్రశ్న అడగలేదు. కంప్యూటర్‌ ముట్టుకోని అమ్మ ఒక్క నిమిషంలో అడిగింది.

94 కాదు, 71

వెంటనే 42 మందిలో ఎనిమిది మందిని పూర్తిగా పక్కన పెట్టి, మిగతా 34 మంది గొంతులతోనే మళ్లీ నేర్పించాను. మధ్యాహ్నం రెండింటికి ఫలితం వచ్చింది. 71.

జూనియర్‌కి ఫోన్‌ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'అక్కా, ఇప్పుడు అబ్‌స్ట్రాక్ట్‌ మాత్రమే కదా పంపేది. 94 అనే పెడదాం. పూర్తి పేపరుకి ఇంకా పది రోజులుంది. ఈలోపు పెంచుదాం' అన్నాడు.

వాడిని తప్పుపట్టలేను. ఈ మాట అనుకోని విద్యార్థి ఎవరు? చాలా సదస్సుల్లో అబ్‌స్ట్రాక్ట్‌ పంపే నాటికి పని సగంలోనే ఉంటుంది. అందుకే 'ఫలితాలు సదస్సులో వివరిస్తాం', 'మా పద్ధతి గణనీయంగా మెరుగైనది' లాంటి గాలి వాక్యాలు పుడతాయి. అబ్‌స్ట్రాక్ట్‌ అంటే మాట ఇవ్వడం. తర్వాత వచ్చే పేజీలు ఆ మాట నిలబెట్టుకోవడానికే. ఇచ్చిన మాటకి సరిపోయేలా పనిని వంచడం మొదలైతే, ఇంక ఆగేది ఎక్కడ?

ఇదంతా వాడికి నేను ఇంత బాగా చెప్పలేదు. నిజానికి గొడవే పడ్డాం. 'నీకు ఉద్యోగం ఉంది, నీకేం పోతుంది' అన్నాడు. ఆ మాట తగిలింది, ఎందుకంటే అది నిజమే. ఆఖరికి నేను ఒక్కటే అన్నాను: 'రేపు నువ్వక్కడ పోస్టర్‌ పక్కన నిలబడితే ఎవరో వచ్చి, ఆ ఎనిమిది మంది గొంతులు వేరేనా అని అడుగుతారు. అప్పుడేం చెబుతావ్‌?'

పది నిమిషాలకి మెసేజ్‌ పెట్టాడు. 'రెండు అంకెలూ పెడదాం అక్కా. తేడాయే మన పేపరు.'

ఆ ఆలోచన నాకు రాలేదు, వాడికే వచ్చింది. సాయంత్రం మేం పంపిన అబ్‌స్ట్రాక్ట్‌ తెలుగులో చెబితే దాదాపు ఇలా ఉంటుంది:

'ఫోన్‌లో కూరగాయల పేర్లు నోటితో చెప్పి ధర తెలుసుకోవాలంటే, ప్రాంతాన్ని బట్టి మారే పేర్లనీ ఉచ్చారణనీ ప్రోగ్రామ్‌ గుర్తుపట్టాలి. కొద్దిపాటి రికార్డింగులతో ఇది ఎంతవరకు సాధ్యమో ఈ పత్రం పరిశీలిస్తుంది. 42 మంది చెప్పిన 30 తెలుగు మాటలు, మొత్తం 6300 రికార్డింగులు సేకరించాం. అవే గొంతులతో పరీక్షిస్తే ఖచ్చితత్వం 94 శాతం ఉండగా, శిక్షణలో లేని ఎనిమిది మంది గొంతులతో అది 71 శాతానికి పడిపోయింది. చిన్న డేటాతో చేసే ఇలాంటి పనుల్లో వ్యక్తుల్ని వేరుచేయకుండా ఇచ్చే అంకెలు నమ్మదగినవి కావని ఇది చూపుతోంది.'

ఐదు వాక్యాలు. 'విప్లవాత్మక' లేదు, 'గణనీయంగా' లేదు. ఇంగ్లిష్‌లో కూడా 200కి చాలా లోపలే సరిపోయింది. దాచాల్సింది లేనప్పుడు మాటలు తక్కువ పడతాయి.

శాతం గుర్తు మింగేసిన వాక్యం

ఇప్పుడు రూపం సంగతి. ఫార్మాటింగ్‌ అంటే మనలో చాలామందికి చివరి పది నిమిషాల పని. కానీ సమీక్షకుల దాకా వెళ్లకుండానే కొన్ని పేపర్లు వెనక్కి వచ్చేది దీని వల్లే.

సదస్సు వాళ్లు ఒక టెంప్లేట్‌ ఇస్తారు. వర్డ్‌లో ఉండొచ్చు, లేటెక్‌లో ఉండొచ్చు. లేటెక్‌ అంటే డొనాల్డ్‌ కనూత్‌ 1970ల చివర్లో మొదలుపెట్టిన 'టెక్‌' మీద లెస్లీ లాంపోర్ట్‌ 1980లలో కట్టిన సాఫ్ట్‌వేర్‌. మనం మాటలు, ఆదేశాలు రాసిస్తే పేజీని అదే అందంగా పేరుస్తుంది. ఇందులో శాతం గుర్తుకి ఒక ప్రత్యేక అర్థం ఉంది. ఆ గుర్తు తర్వాత లైన్లో ఉన్నదంతా రాసుకున్నవాళ్ల సొంత నోట్‌ అనుకుని ముద్రించకుండా వదిలేస్తుంది. మేం '94' పక్కన ఆ గుర్తు పెట్టాం. పీడీఎఫ్‌ తీసి చూస్తే, ఎంతో గొడవపడి రాసుకున్న 71 అసలు లేనేలేదు! గుర్తుకి ముందు ఒక బ్యాక్‌స్లాష్‌ పెడితే సరిపోయింది. తర్వాత అదే ముక్కని వెబ్‌ ఫారంలో పేస్ట్‌ చేస్తే, అక్కడ ఆ బ్యాక్‌స్లాష్‌ కూడా అక్షరంలా కనిపించింది. అందుకే ఫారంలో పెట్టేది వేరే, పీడీఎఫ్‌లో పెట్టేది వేరే అనుకోండి. రెండింట్లో మాటలు మాత్రం ఒక్కటే ఉండాలి. పంపే ముందు పీడీఎఫ్‌ని పైనుంచి కింది దాకా గట్టిగా చదవండి.

తెలుగు అక్షరాలతో ఇంకో చిక్కు. మామూలు పీడీఎఫ్‌-లేటెక్‌కి తెలుగు గుణింతాలు, ఒత్తులు పేర్చడం రాదు. గ్జీలేటెక్‌ గానీ లువాలేటెక్‌ గానీ వాడాలి, తెలుగు ఫాంట్‌ పీడీఎఫ్‌లోనే ఇమిడి ఉండాలి. లేకపోతే అవతలి వాళ్లకి ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. అబ్‌స్ట్రాక్ట్‌లో మాత్రం తెలుగు మాటల్ని ఇంగ్లిష్‌ అక్షరాల్లో రాసి పక్కన అర్థం ఇచ్చేశాం. అది ఎక్కడెక్కడి వెబ్‌సైట్లలోనో కనిపిస్తుంది, అన్ని చోట్లా తెలుగు సరిగ్గా రాదు.

హద్దులు సదస్సుని బట్టి మారతాయి. భాషా సాంకేతికతలో పేరున్న ఏసీఎల్‌ సదస్సు నమూనా 200 మాటలు దాటొద్దంటుంది. గొంతులు, మాటల గుర్తింపు మీద జరిగే ఇంటర్‌స్పీచ్‌ అయితే ఇటీవలి ఏళ్లలో మాటలు కాదు, అక్షరాలు లెక్కపెడుతోంది, 1000కి మించకూడదని. (2018లో ఆ సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగింది. తెలుగు, తమిళం, గుజరాతీ మాటల గుర్తింపు మీద అప్పుడు ప్రత్యేకంగా పోటీ కూడా పెట్టారు.) మన ఇంజినీరింగ్‌ కాలేజీల్లో ఎక్కువగా కనిపించే ఐట్రిపుల్‌ఈ టెంప్లేట్‌ అయితే శీర్షికలో, అబ్‌స్ట్రాక్ట్‌లో గణిత సూత్రాలు, ప్రత్యేక గుర్తులు, ఫుట్‌నోట్లు పెట్టొద్దని పెద్దక్షరాల్లో చెబుతుంది. టెంప్లేట్‌లో ముందే ఉన్న నమూనా వాక్యాలు తీసేయకపోతే పేపరు ప్రచురణే ఆగిపోవచ్చని కూడా హెచ్చరిస్తుంది. పేజీ సైజు కూడా చూసుకోండి. మనం వాడేది ఏ4. అమెరికా వాళ్ల 'లెటర్‌' సైజు దానికన్నా కాస్త వెడల్పు, కాస్త పొట్టి. ఒకదాని బదులు ఒకటి ఎంచుకుంటే అంచులన్నీ తప్పుతాయి. ఖాళీ చాలక ఫాంట్‌ తగ్గించడం, లైన్ల మధ్య ఖాళీ నొక్కేయడం మాత్రం చేయొద్దు. రోజూ అదే టెంప్లేట్‌ చూసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఇక పేర్లు దాచడం. చాలా సదస్సుల్లో రాసిందెవరో సమీక్షకులకి తెలియకూడదు. మేం పైన పేర్లు తీసేశాం కానీ, కోడ్‌ ఉంచిన లింకులో నా పేరు అలాగే ఉంది. పీడీఎఫ్‌ వివరాల్లో రచయిత అన్న చోట కంప్యూటర్‌ తనంతట తానే నా పేరు రాసేసుకుంది. ఆఖరి అరగంటలో చూసి తీసేశాం. 'మా గత పేపరులో చెప్పినట్టు' అని రాసినా గుట్టు బయటపడినట్టే.

ఇంటిపేరు ఏ డబ్బాలో?

ఫారంలో ఫస్ట్‌ నేమ్‌, లాస్ట్‌ నేమ్‌ అని రెండు డబ్బాలుంటాయి. మనకి ఇంటిపేరు ముందొస్తుంది. దాన్ని తీసుకెళ్లి 'ఫస్ట్‌'లో పెడితే జీవితాంతం మీ పేపర్లు తలకిందులుగా కనిపిస్తాయి. బీటెక్‌లో నాకు జరిగింది అదే.

ఈ తికమక పెద్దపెద్దవాళ్లకీ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్‌.రావు పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఇంటిపేరు కల్యంపూడి అయినా, 1945 నాటి ఆయన పేపరు నుంచి వచ్చిన సూత్రాన్ని ప్రపంచమంతా 'క్రామర్‌-రావు' అనే పిలుస్తుంది. కంప్యూటర్‌కి మాటలు గుర్తుపట్టడం నేర్పినవాళ్లలో మొదటి వరసలో ఉండి 1994లో ట్యూరింగ్‌ అవార్డు అందుకున్న ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరు బిడ్డ దబ్బల రాజగోపాల్‌ రెడ్డి, ప్రపంచానికి రాజ్‌ రెడ్డి. ఏ రూపం సరైనదన్నది కాదు ప్రశ్న. ఒకటి ఎంచుకుని మొదటి పేపరు నుంచీ అదే వాడాలి. ఆర్కిడ్‌ అని పరిశోధకులకి ఉచితంగా ఇచ్చే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉంది. 2012 నుంచి ఇస్తున్నారు. అది తీసుకుంటే పేరు ఎలా రాసినా మీ పని మీ ఖాతాలోనే పడుతుంది.

రెండు రోజుల్లో ఒప్పుకుంటే అనుమానించండి

బీటెక్‌ అన్నాను కాబట్టి ఆ కథ కూడా చెప్పేస్తా. ఫైనలియర్‌లో మా బ్యాచ్‌ పేపరు ఒక 'అంతర్జాతీయ సదస్సు'కి పంపాం. రెండో రోజే అభినందనలు అని మెయిల్‌. సమీక్షకుల మాట ఒక్కటి లేదు, ఫీజు కట్టే లింకు మాత్రం ఉంది. నలుగురం చందాలేసుకుని కట్టాం. సర్టిఫికెట్‌ వచ్చింది, నా పేరు తలకిందులుగా. మా పేపరు ఎవరూ చదవలేదని ఇప్పుడు నాకు తెలుసు. ఎందుకంటే అందులో ఒక బొమ్మ రెండుసార్లు వచ్చింది, ఎవరూ అడగలేదు.

ఇలాంటి చోట్ల ఏం జరుగుతుందో చూపించడానికే 2005లో అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు ఒక ప్రోగ్రామ్‌ రాశారు. పేరు సైజెన్‌. అర్థం లేని వాక్యాలు పేర్చి పరిశోధన పత్రంలా తయారుచేస్తుంది. దాంతో పుట్టిన ఒక పేపరుని ఒక సదస్సు అంగీకరించింది కూడా! కాబట్టి పంపే ముందు చూడండి. కమిటీలో ఉన్నవాళ్లు నిజంగా ఆ రంగం వాళ్లేనా? పోయినేడాది పేపర్లు ఎక్కడైనా చదవడానికి దొరుకుతున్నాయా? వంటల నుంచి రాకెట్ల దాకా అన్ని విషయాలూ ఒకే సదస్సులో ఉన్నాయా? మీ గైడ్‌ని అడగండి, సీనియర్లని అడగండి.

ఇప్పుడు సైజెన్‌ అక్కర్లేకుండానే ఏఐ అబ్‌స్ట్రాక్ట్‌ రాసిచ్చేస్తోంది. ఇంగ్లిష్‌ దిద్దించుకోవడానికి నేనూ వాడతాను. సదస్సు నియమాల్లో దాన్ని ఎంతవరకు ఒప్పుకుంటారో ముందు చదువుతాను. కానీ ఒకసారి అది మా '71 శాతానికి పడిపోయింది' అన్నదాన్ని 'ఆశాజనకమైన ఖచ్చితత్వం సాధించింది' అని మార్చింది. భాష నిగనిగలాడింది, నిజం జారిపోయింది. అంకెలున్న వాక్యాలు మీ చేత్తోనే రాయండి.

తర్వాతేమైంది?

శనివారం సాయంత్రం 4:50కి పంపాం. పూర్తి పేపరూ గడువులోపే ఇచ్చాం. రెండు నెలలకి జవాబు వచ్చింది. తిరస్కరించారు.

ముగ్గురు సమీక్షకుల్లో ఒకరు 71 తక్కువన్నారు. ఇంకొకరు పరీక్ష పద్ధతి నిజాయితీగా ఉందనీ, ఎనిమిది మంది మాత్రం చాలరనీ రాశారు. ఆ ఒక్క పేరా, బీటెక్‌లో డబ్బు కట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్‌ కన్నా విలువైనదనిపించింది. ఎవరో కూర్చుని మా పని నిజంగా చదివారు.

జూనియర్‌ పేపరు లేకుండానే దరఖాస్తులు పెట్టాడు. తను అనుకున్న యూనివర్సిటీ రాలేదు, మూడో ఎంపిక వచ్చింది, వెళ్లాడు. ఆ 94 పెట్టి ఉంటే మొదటిదే వచ్చేదేమో. నాకు తెలియదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా కొంచెం బాధగానే ఉంటుంది.

మేం ఆపలేదు. ఇంకా 25 మంది గొంతులు చేర్చాం. అందులో మొదటిది మా అమ్మది, పరీక్ష వైపే పెట్టాను. పెద్దవాళ్ల గొంతుల దగ్గర ప్రోగ్రామ్‌ ఇప్పటికీ తడబడుతోంది. అమ్మ 'బెండకాయ' అంటే ఐదింట మూడుసార్లు గుర్తుపడుతుంది. ఆ సంగతి కూడా కొత్త అబ్‌స్ట్రాక్ట్‌లో రాశాం. ఈసారి పోస్టర్‌గా తీసుకున్నారు.

మొన్న వాడు ఫోన్‌ చేశాడు. అక్కడి ల్యాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాడెవరో 97 శాతం వచ్చిందని ఎగిరి గంతేస్తున్నాడట.

'ఏమన్నావ్‌ మరి?' అన్నాను.

'ఆంటీ అడిగిందే అడిగానక్కా' అన్నాడు.